ఖాళీ క్యాసెట్ అని కొన్నది నిజంగా ఖాళీయేనా?

(తిరుపతి నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం. సలహాదారు ముప్పై ఏళ్లు టేప్ రికార్డర్లు బాగుచేసి, ఇప్పుడు పాత ఖాళీ క్యాసెట్లు సేకరిస్తున్నారు.)

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ చిత్తూరు నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారం సార్. మా నాన్నగారికి క్యాసెట్ల అంగడి ఉండేది. మొన్న అటక దించితే ఒక పెట్టె నిండా ఖాళీ క్యాసెట్లు కనిపించాయి. పైన పల్చటి కాగితం కూడా విప్పలేదు. టీడీకే, సోనీ, మెల్‌ట్రాక్ కంపెనీలవి ఉన్నాయి. ఏం చేయమంటారు?

సలహాదారు: ముందుగా ఒక్కటి కూడా విప్పకండయ్యా. అటక మీద ఎన్ని వేసవులు గడిచాయి?

శ్రోత: ఇరవై పైనే సార్. పైన రేకులు.

సలహాదారు: అదే నా బెంగ. మన ఎండకు రేకుల కింద క్యాసెట్ ప్లాస్టిక్ డొప్ప వంగిపోతుంది, కార్తీక మాసపు వానల చెమ్మకు రీలు మీద బూజు పడుతుంది. ఒక్కొక్కటి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, మధ్యనున్న అద్దంలోంచి రీలును చూడండి. చుట్ట అంచు నున్నగా, గోధుమ రంగులోనో నలుపులోనో ఉంటే మంచిదే. పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలుంటే దాన్ని వేరుగా పెట్టండి. పొరపాటున కూడా మిషన్‌లో వేయకండి, ఆ బూజు హెడ్‌కు, అంటే రీలును తాకి పాటను చదివే భాగానికి, అంటుకుని తర్వాతి క్యాసెట్‌కూ పాకుతుంది.

శ్రోత: బాగున్నవి అమ్మేయవచ్చా?

సలహాదారు: అమ్మవచ్చు. నన్నడిగితే ఒక్కో రకానికి రెండేసి విప్పకుండా దాచుకోండి, మిగిలినవి వాడండి. రికార్డు చేయడానికి పుట్టిన వస్తువది. ఇంటి లోపలి గదిలో, నిలువుగా, స్పీకరుకు దూరంగా పెట్టండి. స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. వాడే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తిప్పండి. ఇన్నేళ్లు బిగుసుకున్న చుట్ట వదులవుతుంది.

వ్యాఖ్యాత: తిరుపతి నుంచి ఒక విద్యార్థి. అడుగు బాబూ.

శ్రోత: సార్, నేను కొత్తగా సేకరణ మొదలుపెట్టాను. మెటల్ క్యాసెట్, అంటే రీలు మీద లోహపు పొడి పూసినది, ఒకటి చాలా ఎక్కువ ధర చెబుతున్నారు. కొననా?

సలహాదారు: నీ మిషన్ మెటల్ టేపు మీద రికార్డు చేయగలదా?

శ్రోత: మామూలు టూ-ఇన్-వన్ సార్.

సలహాదారు: అయితే వద్దు నాయనా. మెటల్ టేపు మీద సరిగ్గా రాయడానికీ, రాసింది పూర్తిగా చెరపడానికీ దానికి బలం చాలదు. తొంభై నిమిషాలకు మించినవీ వద్దు. అరవై నిమిషాల రీలు మందం సుమారు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), తొంభైది 12, నూట ఇరవైది 9. పల్చనైన కొద్దీ సాగుతుంది, చిక్కుపడుతుంది. మామూలు ఐరన్ ఆక్సైడ్, అంటే ఇనుప తుప్పు లాంటి పొడి పూసిన, అరవై నిమిషాలది తీసుకో. ఫిలిప్స్ సంస్థ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో ఈ క్యాసెట్‌ను చూపించిన నాటి కొలతలే ఇప్పటికీ నడుస్తున్నాయి. రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. ఆనాటి క్యాసెట్ ఈనాటి మిషన్‌లో పాడుతుంది. అందుకే నాకు దీని మీద ఇంత ప్రేమ.

వ్యాఖ్యాత: శ్రీకాళహస్తి నుంచి ఒక అమ్మ ఫోన్ చేస్తున్నారు.

శ్రోత: అయ్యా, పాత సామాన్ల అంగడిలో పన్నెండు క్యాసెట్లు కొన్నాను. పేరు చీటీలు లేవు, ఖాళీవే అన్నాడు. మా మనవరాలు పద్యాలు బాగా చదువుతుంది, రికార్డు చేద్దామని.

సలహాదారు: ఇంకా ఏమీ రికార్డు చేయలేదు కదమ్మా?

శ్రోత: లేదయ్యా.

సలహాదారు: చాలా సంతోషం. చీటీ లేనంత మాత్రాన ఖాళీది కాదమ్మా. రికార్డు మీట నొక్కితే రీలు ముందు చెరిపే హెడ్‌ను దాటి, తర్వాతే రాసే హెడ్ దగ్గరకు వెళుతుంది. పోయింది ఇక తిరిగి రాదు. క్యాసెట్ వీపు వైపు రెండు మూలల్లో చిన్న రెక్కలుంటాయి. ఆ వీపు పైకి ఉండేలా నిలబెట్టి పట్టుకుంటే, ఎడమ రెక్క మీకు ఎదురుగా కనిపించే వైపుది. రెండూ విరిచేయండి, అప్పుడు రికార్డు మీట దిగదు. తర్వాత రెండు వైపులా చివరిదాకా వినండి.

శ్రోత: పన్నెండూ వినాలా? విరిచేస్తే మళ్లీ పనికొస్తాయా?

సలహాదారు: ఆ సందు మీద అతుకు టేపు అంటిస్తే మళ్లీ రికార్డు అవుతుంది. వినడం మాత్రం పన్నెండూ వినాలమ్మా. ఎందుకో చెబుతాను. పోయిన ఏడాది నేనూ చీటీ లేనిది ఒకటి కొన్నాను. ఇరవై నిమిషాలు బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు. ఆపేద్దామని చెయ్యి చాచాను. హార్మోనియం వినిపించింది, వెంటనే మృదంగం. భారత హరికథ! మన పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి నాటకం జరుగుతాయి కదా, అది. అర్జునుడి తపస్సు ఘట్టం. భాగవతార్ గొంతు కాస్త బొంగురు, పద్యం ఎత్తుకుంటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. కథ మధ్యలో చదివింపులు. పది రూపాయలు, ఇరవై రూపాయలు అని చదువుతున్నారు, పేర్లు చెప్పేసరికి మైకు గీపెట్టింది. ఏ ఊరో తెలియలేదు. ఒక పిల్లవాడు మైకు దగ్గరకొచ్చి "మా తాత ఇంకా రాలేదు, కథ ఆపండి" అన్నాడు. జనం నవ్వారు. భాగవతార్ నిజంగానే ఆపాడమ్మా. ఆ తాత వచ్చి కూర్చున్నాక మళ్లీ మొదలుపెట్టాడు.

శ్రోత: అయ్యో... అది చెరిపేసి ఉంటే!

సలహాదారు: చెయ్యి మీట దాకా వెళ్లింది కదా. మీ పన్నెండింటిలో ఎవరి గొంతైనా ఉంటే, చీటీ మీద విన్న తేదీ, విన్నది రాసి దాచండి. మనవరాలి పద్యాలకు వేరే కొత్తది నేనిస్తాను.

వ్యాఖ్యాత: ఆ హరికథ క్యాసెట్ వచ్చే వారం తీసుకువస్తారా? మన శ్రోతల్లో ఆ భాగవతార్ గొంతు గుర్తుపట్టేవారు ఉండవచ్చు.

సలహాదారు: తప్పకుండా. అయితే నకలు తెస్తానమ్మా. అసలుది నా బీరువా దాటదు.