దొరికేవరకు వెదకడం

ప్రభువునందు ప్రియమైన సంఘ పెద్దలకు, ఇంటింటి పరామర్శకు వెళ్లే సహోదరీ సహోదరులకు వందనాలు.

ఆరాధనకు రావడం మానేసిన వాళ్ల గురించి మన సంఘాల్లో తరచూ వినిపించే మాట, "తలుపు తెరిచే ఉంది, రావాలనుకుంటే వస్తారు" అని. లూకా 15వ అధ్యాయంలోని కాపరి అలా అనుకోలేదు. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే తొంభై తొమ్మిదింటిని విడిచి వెళ్లాడు, దొరికేవరకు వెదికాడు, భుజాల మీద మోసుకొచ్చాడు. పది వెండి నాణేల్లో పోయిన ఆ ఒక్క నాణేనికైతే తాను పోయిందన్న సంగతే తెలియదు. దీపం వెలిగించిందీ ఇల్లు ఊడ్చిందీ పోగొట్టుకున్న స్త్రీయే. వాళ్లు కదలకముందే మనం కదలాలి. మనల్ని రక్షించిన కృప అలాగే వచ్చింది.

మత్తయి 18లో ఇదే గొర్రె ఉపమానం అయిపోగానే, తప్పు చేసిన సహోదరుడితో ఎలా మాట్లాడాలో ప్రభువు చెప్పాడు. ముందు అతడితో ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని, అప్పటికీ వినకపోతేనే సంఘానికి. మనం దీన్ని తలకిందులు చేస్తున్నాం. ప్రార్థన విన్నపం పేరుతో ముందు కూటమంతటికీ చెబుతాం, ఆ మనిషి ఇంటికి చివర వెళతాం. తన సంగతి అప్పటికే పదిమంది నోళ్లలో పడిందని తెలిశాక ఏ మనిషి తలుపు తీస్తాడు? వాళ్లు ఒప్పుకుంటేనే పేరు చెప్పండి, వివరాలు మాత్రం వద్దు.

రెండు ఆదివారాలు కనబడకపోతే ఆ వారంలోనే ఫోన్ చేయండి. నెలలు గడిచేకొద్దీ వాళ్లలో సిగ్గు పెరుగుతుంది, మనకూ మొహమాటం పెరుగుతుంది. ఇద్దరే వెళ్లండి, అయిదుగురు వెళితే పంచాయతీ పెట్టినట్టుంటుంది. ఆ ఇంట్లో స్త్రీ ఒక్కతే ఉంటే మీ ఇద్దరిలో ఒక సహోదరి తప్పనిసరి. మొదటిసారికి ఇరవై నిమిషాలు చాలు. "ఎందుకు రావట్లేదు?" అని మొదలుపెట్టకండి, దశమభాగం ఊసెత్తకండి. ఆరోగ్యం, పని, పిల్లల చదువు అడగండి, వాళ్లు చెప్పేది వినండి. ప్రార్థన రెండు నిమిషాలు చేయండి. వాళ్లకు చెప్పాలనుకున్న మందలింపును ప్రార్థనలో కలిపి దేవుడికి చెబుతున్నట్టు చెప్పకండి, అది వాళ్లకు వెంటనే అర్థమైపోతుంది. మళ్లీ ఏ రోజు వస్తారో చెప్పి, ఆ రోజు తప్పక వెళ్లండి. చాలా చోట్ల పని చెడేది ఇక్కడే, రెండోసారి ఎవరూ వెళ్లరు.

పేతురు విషయంలో ప్రభువు ఏం చేశాడో చూడండి. ప్రభువు ఎవరో తనకు తెలియదని శిష్యుడైన పేతురు బొంకింది బొగ్గుల మంట దగ్గర. యోహాను 21లో ప్రభువు ఒడ్డున సిద్ధం చేసిందీ బొగ్గుల మంటే. గ్రీకులో రెండు చోట్లా ఒకే మాట, కొత్త నిబంధనలో అది మరెక్కడా రాదు. అక్కడ ముందు చేపలు, రొట్టె పెట్టాడు. వాళ్లు తిన్న తర్వాతే ప్రశ్న అడిగాడు. "ఎందుకు బొంకావు?" అని కాదు, "నన్ను ప్రేమిస్తున్నావా?" అని. సుంకం వసూలు చేసే జక్కయ్య సంగతీ అంతే. ప్రభువు అతని ఇంటికి వస్తానన్నది ముందు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు చెల్లిస్తానని జక్కయ్య అన్నది తర్వాత.

ఒక హెచ్చరిక. కృప అంటే నేరాన్ని కప్పిపుచ్చడం కాదు. భార్యను కొట్టినవాడు ఏడ్చి ప్రార్థించాడని ఆమెను వెంటనే ఆ ఇంటికి పంపకండి. పిల్లలపై లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత. దాన్ని సంఘంలోనే సర్దుబాటు చేసే అధికారం పెద్దలకు లేదు.

తిరిగివచ్చిన ఆదివారాన మనిషిని వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించకండి. లూకా 15లోనే, ఆస్తి పాడుచేసుకున్న తప్పిపోయిన కుమారుడు మూడు మాటలు సిద్ధం చేసుకొని తండ్రి ఇంటికి బయల్దేరాడు. పాపం చేశాను, కొడుకుననిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను, కూలివాడిగా పెట్టుకో. ఇంటి దగ్గర రెండే పలికాడు. మూడోది నోట రాకముందే తండ్రి ప్రశస్త వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు. మనమూ ఆ మూడో మాట అడగవద్దు. పక్కన కూర్చునే మనిషిని ముందే చూసి ఉంచండి, ఆరాధన అయ్యాక భోజనానికి ఒక ఇల్లు సిద్ధంగా ఉంచండి.

ఆ కథలో తమ్ముడి రాకకు కోపగించుకున్న పెద్ద కుమారుణ్ణి కూడా మర్చిపోకండి. తమ్ముడు ఆస్తిని దుర్వ్యాపారంతో పాడుచేశాడని మాత్రమే కథ చెబుతుంది. వేశ్యల మాట కలిపింది అన్న. "ఈ నీ కుమారుడు" అని అతనంటే, "ఈ నీ తమ్ముడు" అని తండ్రి సరిదిద్దాడు. అయినా అతణ్ణి కసురుకోలేదు, బయటికి వెళ్లి బతిమాలాడు. అందుచేత మీ పరామర్శ పుస్తకంలో తప్పిపోయినవాడి పేరు పక్కనే ఇంకో పేరు రాసుకోండి. అతని రాకతో మనసు నొచ్చుకునేవాళ్లది, అప్పిచ్చి మోసపోయిన సహోదరుడిదో, అవమానపడిన కుటుంబానిదో. అతను గుడికి వచ్చే ఆదివారానికి ముందే వాళ్ల ఇంటికీ వెళ్లండి.