అంతా మంచిగనే ఉన్నది

అందరికీ నమస్కారం. మైకు ముందు నిలబడడం నాకు కొత్త కాదు. పాతికేళ్ళ కింద ఇక్కడే, నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. కప్ప గుండెకి ఎన్ని గదులో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇంటి సంగతులు మాత్రం నలుగురిలో చెప్పి ఎరగను, అందుకే కాగితం రాసుకొచ్చాను. పిలుపు కార్డు మీద ‘ప్రవాసంలో తల్లి పాత్ర’ అని వేశారు. అంత పెద్ద మాట నా వల్ల కాదు. నేను మాట్లాడేది మా అమ్మ, నేను ఫోన్లో ఒకరికొకరం పాతికేళ్ళు చెప్పుకున్న ఒక్క వాక్యం గురించి. అంతా మంచిగనే ఉన్నది.

మేం 2000 ఆగస్టులో అమెరికా వెళ్ళాం. అప్పటికి శంషాబాద్ ఎయిర్‌పోర్టు లేదు, బేగంపేటే. వీసా స్టాంపింగుకి చెన్నై పోవాలి. ఇక్కడ అమెరికా కాన్సులేటు పెట్టింది 2008లో కదా. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, స్టాంపు పడ్డాక 108 తిరిగాం. లెక్క తప్పకుండా అమ్మ శనగగింజలు పట్టుకుని లెక్కపెట్టింది. ఎయిర్‌పోర్టుకి రెండు జీపుల నిండా చుట్టాలొచ్చారు. మా ఆయనది హెచ్-1 ఉద్యోగ వీసా, నాది దాని మీద భార్యకిచ్చే హెచ్-4. అంటే ఆయన చేయి పట్టుకుని ఉండొచ్చు, ఉద్యోగం చేయకూడదు. న్యూజెర్సీలో ఒక పడగ్గది అపార్ట్‌మెంటులో, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, స్క్రాచ్ కార్డు మీద నంబరు గీకి అమ్మకి ఫోన్ చేయడం నా మొదటి ఉద్యోగం.

మొదటి అబద్ధం 2001 సెప్టెంబరు 11న చెప్పాను. నాకప్పుడు ఏడో నెల. మా ఆయన ఆఫీసు జెర్సీ సిటీలో, హడ్సన్ నది ఒడ్డున. అవతలి ఒడ్డున ఆ రెండు టవర్లు. ఆయన ఫోన్ కలవడం లేదు. ఇక్కడ మీకు సాయంత్రం, అమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. ఎన్నిసార్లు చేసిందో ఏమో, మధ్యాహ్నానికి ఎలాగో లైను దొరికింది.

“అల్లుడేడి బిడ్డా?”

“ఇంట్లోనే ఉన్నడమ్మా.”

“ఒక్కసారి ఫోనియ్యి.”

“స్నానం చేస్తున్నడు.”

ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి పదయింది. మన్‌హట్టన్ నుంచి పడవల్లో దిగుతున్నవాళ్ళకి నీళ్ళ సీసాలు అందిస్తూ ఒడ్డునే ఉండిపోయాడట. వేరేవాళ్ళ ఒంటి మీది దుమ్ము ఆయన చొక్కాకి ఉంది. ఆ చొక్కా ఉతకాలో పారేయాలో తెలియక సంచిలో కట్టి పెట్టాను. నాలుగు రోజులకి ఆరిజోనాలో తలపాగా చూసి ఒక సిక్కాయన్ని ఆయన పెట్రోలు బంకు దగ్గరే కాల్చి చంపారు. మా అపార్ట్‌మెంట్లలో కార్లన్నిటికీ అమెరికా జెండాలు వెలిశాయి. మేమూ కట్టాం. దుఃఖంతో కట్టామా, భయంతో కట్టామా అంటే ఆ నెలలో ఆ రెండూ విడివిడిగా లేవు. నవంబరులో బాబు పుట్టాడు.

ఇక 2007. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి. ఉద్యోగాల కోటాలో అమెరికా ఏడాదికిచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. మొత్తం మీద ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదని పరిమితి. మనవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు, కాబట్టి క్యూ ఎంత పొడుగో చెప్పక్కర్లేదు. ఎవరి వంతు ఎక్కడిదాకా వచ్చిందో నెలనెలా వీసా బులెటిన్ అని ఒకటి వస్తుంది. మా ఇళ్ళలో పంచాంగం చూడకపోయినా అది మాత్రం చూస్తాం. ఆ జూలై బులెటిన్‌లో దాదాపు అన్ని తేదీలూ ఒక్కసారిగా ‘కరెంట్’ అయ్యాయి. అంటే అందరూ చివరి ఫారం వేసుకోవచ్చన్నమాట. జనం టీకాలకీ ఫొటోలకీ ఉరుకులాడారు. జూలై 2న, లేదు లేదు, తీసుకోం అన్నారు. మనవాళ్ళు గాంధీగిరి చేశారు. ఇమిగ్రేషన్ పెద్దాఫీసుకి వందల కొద్దీ పూలగుత్తులు పంపారు. వాళ్ళు వాటిని గాయపడిన సైనికులున్న వాల్టర్ రీడ్ ఆస్పత్రికి చేర్పించారు. జూలై 17న మళ్ళీ తలుపు తీసి, ఆగస్టు 17 దాకా వేసుకోమన్నారు.

పూలు పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పటికీ ఆ మాట గొప్పగా చెప్పుకుంటాను.

ఆ ఫారం వేసేనాడు మనిషి ఆ దేశంలోనే ఉండాలి. పైగా మా పాస్‌పోర్టుల్లో స్టాంపుల గడువు అయిపోయింది. ఇండియాకొస్తే మళ్ళీ చెన్నై, మళ్ళీ అపాయింట్‌మెంటు. మీరు కదలొద్దు అని లాయరు గట్టిగా చెప్పాడు. ఇదంతా అమ్మకి ఫోన్లో చెప్పాను. “మంచిది బిడ్డా, పని చూస్కో. ఇక్కడ అంతా మంచిగనే ఉన్నది” అంది. “బాపు ఏడి?” అంటే, “పండుకున్నడు” అనేది. నెలన్నర పాటు ఎప్పుడు చేసినా బాపు పండుకునే ఉన్నాడు. నాకు అనుమానం రాలేదు. స్నానం సంగతి చెప్పిన మనిషిని, నాకే రాలేదు.

ఆగస్టు 25, శనివారం. మాకు పొద్దున పది దాటింది. కోఠీ గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో బాంబులు పేలాయని టీవీలో వచ్చింది. 40 మందికి పైగా పోయారు. మా బాపుకి శనివారం సాయంత్రం కోఠీ అలవాటు. పాత పుస్తకాలు తిరగేసి, ఒక ప్లేటు తిని, చిక్కడపల్లికి బస్సెక్కి వచ్చేవాడు. ఇంటికి చేస్తే లైను కలవదు. గంటన్నర తర్వాత పక్కింటి ఆంటీ నంబరు కలిసింది. నేనేం అడిగానో గుర్తు లేదు. ఆమె అన్నది మాత్రం ఒక్క అక్షరం మర్చిపోలేదు.

“రంది పడకు బిడ్డా. ఆపరేషన్ అయినప్పటి సంది మీ బాపు గడపే దాటుతలేడు గద.”

ప్రాణం లేచొచ్చిందీ పోయిందీ ఒకే మాటతో. జూలైలో బాపుకి బైపాస్ అయింది. నేను వాషింగ్టన్‌కి పూలు పంపుతున్న వారంలోనే ఆయన ఐసీయూలో ఉన్నాడు. చెబితే క్యూ వదిలేసి వస్తానని అమ్మ చెప్పలేదు. నాకు కోపం వచ్చింది. మాట్లాడకుండా మూడు రోజులున్నాను. నాలుగో రోజు ఫోన్ చేసి అరవబోతే, ఆమె మెల్లగా, “ఆనాడు అల్లుడు స్నానం చేస్తున్నడంటివి. నీళ్ళ చప్పుడే రాలేదు బిడ్డా” అంది. ఆరేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకుంది.

తర్వాతి కష్టాన్ని అమ్మ కూరతో పట్టుకుంది. తెలంగాణ వాళ్ళకి చెప్పక్కర్లేదు, మనకి పలకరింపే ‘ఏం కూర?’ అని. 2008 సెప్టెంబరులో లీమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు మునిగింది. 2009 జనవరిలో మా ఆయన ఉద్యోగం పోయింది. నేను చెప్పలేదు. నా చేతిలో అప్పటికి పని చేసుకునే కాగితం ఉండబట్టి, ఒక బాలవాడిలో సహాయకురాలిగా చేరాను. ఆ జీతంతో అద్దె గడిచింది. మూడు రోజులు వరసగా ‘పచ్చిపులుసు’ అన్నాను. నాలుగో రోజు అమ్మ, “అల్లుడు పగలు ఇంట్లనే తింటున్నడా?” అని అడిగింది. అంతే, దాచలేకపోయాను. ‘బాగున్నావా’ అన్న ప్రశ్నకి ఎవరైనా అబద్ధం చెప్పగలరు. ‘ఏం కూర’కి రోజూ అబద్ధం చెప్పాలంటే చాలా ఊహాశక్తి కావాలి.

2012లో గ్రీన్‌కార్డు వచ్చింది. ఆ డిసెంబరు 14న కనెక్టికట్‌లో న్యూటౌన్ అనే ఊళ్ళో, శాండీ హుక్ బడిలో ఒకడు తుపాకీతో దూరి 20 మంది పిల్లల్నీ ఆరుగురు పెద్దవాళ్ళనీ చంపాడు. పిల్లలంతా ఆరేడేళ్ళవాళ్ళు, ఒకటో తరగతి. మా పాప అప్పుడు ఒకటో తరగతి. సోమవారం బడికి పంపాలి. టిఫిను డబ్బా కట్టాను, విప్పాను, మళ్ళీ కట్టాను. అక్కడ బళ్ళలో లాక్‌డౌన్ డ్రిల్లు అని చేయిస్తారు. దీపాలు ఆర్పి, తలుపుకి గడియ పెట్టి, పిల్లల్ని కిటికీలకి కనబడకుండా మూలన కూర్చోబెడతారు. ఎవరూ నోరు మెదపకూడదు. సంక్రాంతికి స్కైపులో అమ్మ మనవరాలిని, “బళ్ళె ఏం ఆట ఆడినవ్ చిట్టీ?” అని అడిగింది. అది, “చీకట్లో కూర్చునే ఆట అమ్మమ్మా, చప్పుడు చేస్తే అవుట్” అంది. అమ్మ ఎంత మురిసిపోయిందో! “అక్కడ గూడ దాగుడుమూతలు ఆడిపిస్తరా!” అంది. నేను పక్కనే ఉన్నాను. అవునమ్మా, దాగుడుమూతలే అన్నాను.

బాపు 2014 మే నెలలో పోయాడు. తెలంగాణ బిల్లు పాసవడం చూశాడు, జూన్ 2 చూడలేదు. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి మూడో రోజుకి చేరగలిగాను.

2017 ఫిబ్రవరి 22 ఇక్కడ అందరికీ గుర్తుండే ఉంటుంది. కాన్సస్‌లోని ఒలేతాలో, మన హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజనీరుని, నా దేశం వదిలి పొమ్మని అరుస్తూ కాల్చి చంపారు. బయట తెలుగులో మాట్లాడకండి అని వాట్సప్‌లో సలహాలు తిరిగాయి. నేను వాటిని తిట్టుకున్నాను, ఒకరిద్దరితో వాదించాను కూడా. ఆ ఆదివారం సూపర్ మార్కెట్లో బియ్యం దగ్గరుండగా అమ్మ ఫోన్ చేసింది. పక్కన ఎవరో ఒకాయన, పాపం ఏ పప్పు కోసమో వెతుక్కుంటున్నాడు. “మంచిగున్నవా బిడ్డా?” అంది అమ్మ. నేను ఇంగ్లీషులో, అంతా బాగుంది, తర్వాత చేస్తాను అని చెప్పి పెట్టేశాను. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. నా జీవితంలో సిగ్గుపడే పనుల్లో అది మొదటిది. కారులో కూర్చుని మళ్ళీ చేస్తే, “పక్కన మీ మేనేజర్ ఉన్నడా?” అని అడిగింది. ఉన్నడమ్మా అన్నాను.

2018లో పౌరసత్వం తీసుకున్నాం. చట్టం కోరితే ఆ దేశం కోసం ఆయుధం పడతానని ప్రమాణం చేయాలి. కాలేజీలో కప్పని తప్ప దేన్నీ కోయని చెయ్యెత్తి చేశాను. ఇండియా పాస్‌పోర్టు రద్దయి, కొట్టివేత ముద్రతో తిరిగొచ్చింది. దాన్నింకా పెళ్ళి పట్టుచీర మడతలో ఉంచుకున్నాను. బదులుగా ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైపోయిన మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు. ఆ కార్డులు మొదట ఇచ్చింది మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరి ప్రవాసీ దివస్ సభలో. ఈ కార్డుతో ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. ఓటు లేదు, పొలం కొనలేం. పొలం మాట సరే, ఓటు మాటే బాధ. చిక్కడపల్లిలో నా పోలింగ్ బూత్ ఏ బడిలోనో నాకింకా గుర్తుంది.

2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చింది. మా పిన్ని కొడుకు బతుకమ్మకి వచ్చి ఇక్కడే ఉన్నాడు. శనివారం రాత్రికి రాత్రి రెండింతల ధర పెట్టి టికెట్టు కొని శంషాబాద్ పరుగెత్తాడు. ఉన్న వీసాల వాళ్ళకి కాదు, కొత్త దరఖాస్తులకే అని మర్నాటికి తేల్చారు. అప్పటికి వాడు గాల్లో ఉన్నాడు. దిగి వాళ్ళమ్మకి ఏమని ఫోన్ చేశాడో ఊహించగలరు.

ఈ హాల్లో పిల్లల్ని పంపినవాళ్ళూ పంపబోయేవాళ్ళూ చాలామంది కనబడుతున్నారు. పంపండి, పంపకండి అని చెప్పే అర్హత నాకు లేదు. అందరూ అదే అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను.

నిన్న రాత్రి మా పాప హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. దానికిప్పుడు పంతొమ్మిదేళ్ళు. రేపు సభలో ఏం చెప్తావు అని అడిగింది. నీ దాగుడుమూతల సంగతి చెప్తానన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

“అమ్మా, అది ఆట కాదని నాకప్పుడే తెలుసు. టీచరు చెప్పింది. నువ్వు టిఫిన్ బాక్స్ కడుతూ ఏడ్చావు కదా, నువ్వు భయపడతావని ఆట అన్నాను.”

నాకు ఏం అనాలో తోచలేదు. ఏం కూర తిన్నావని అడిగాను.

“మ్యాగీ” అంది.