పరిగెత్తాక ఒళ్లు వెచ్చబడితే జ్వరమేనా?

(నల్లగొండలో పోలీసు ఉద్యోగాలకు సాధన చేస్తున్న యువతీయువకుల ముందు ఒక వైద్యుడు చేసిన ప్రసంగం)

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులకు, వాకింగ్ ఆపి మరీ నిలబడి వింటున్న పెద్దలకు నమస్కారం.

నిర్వాహకులు నన్ను డైట్ గురించి మాట్లాడమన్నారు. దాని గురించి యూట్యూబ్ మీకు కావలసిన దానికన్నా ఎక్కువే చెబుతోంది. ఎండలు ముదిరినప్పటి నుంచి పరుగు పిల్లలు నన్ను అడుగుతున్నది వేరే ప్రశ్న. "సార్, గ్రౌండు నుంచి వచ్చినంక పెయ్యి కాలుతోంది, థర్మామీటర్ పెడితే 99.8 చూపిస్తోంది, జ్వరమా?" అని.

మొన్న ఒక అబ్బాయి ఫోన్ తీసి రాసుకున్న రీడింగులు చూపించాడు. 99.4, 100.1, 99.7. అన్నీ సాయంత్రం పరుగు అయిపోయిన వెంటనే చూసినవే. పొద్దున లేవగానే చూసిన అంకె ఒక్కటీ లేదు. అప్పటికే ఇంట్లో అందరికీ టెన్షన్, రెండు సార్లు రక్తపరీక్షలు కూడా అయ్యాయి. ఆ థర్మామీటర్ కొలిచింది అతని పరుగును, జ్వరాన్ని కాదు.

కండరం వాడుకునే శక్తిలో కదలికకు పనికొచ్చేది మహా అయితే నాలుగో వంతు. మిగిలిందంతా వేడిగా మారుతుంది. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు పెట్టారు. ఆ వేగంతో పరిగెత్తేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి, ఊరికే కూర్చున్నప్పటి కంటే పది రెట్లకు పైనే ఉంటుంది. రక్తం దాన్ని చర్మం దాకా మోసుకొస్తే, చెమట బయటికి తీసుకుపోతుంది. అయితే చెమట కారితే చాలదు, ఆరాలి. లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. వాన వెలిసిన ఉక్కపోత సాయంత్రం 34 డిగ్రీలే ఉన్నా మీరు తొందరగా డీలా పడేది ఇందుకే. చొక్కా తడిసి ముద్దవుతుంది కానీ చెమట ఆరదు.

కాబట్టి గట్టిగా పరిగెత్తినప్పుడు లోపలి వేడి 100, 102 ఫారెన్‌హీట్ దాకా పోవడం మామూలే. ఆగాక అరగంట, గంటలో దిగుతుంది. ఎండలో కష్టపడినా, నీళ్లు తక్కువ తాగినా ఇంకొంచెం ఆలస్యమవుతుంది. ఇక 98.6 అనే అంకె పంతొమ్మిదో శతాబ్దంలో వుండర్లిక్ అనే జర్మన్ వైద్యుడు వేల మందిని కొలిచి తేల్చిన సగటు. ఎవరి ఒళ్లూ రోజంతా అక్కడే నిలబడదు, సాయంత్రానికి ఒక డిగ్రీ దాకా పెరుగుతుంది. చెల్లెళ్లకైతే నెలసరికి ముందు రెండు వారాలూ మరో అర డిగ్రీ ఎక్కువుండొచ్చు.

జ్వరం సంగతి వేరు. అందులో మెదడే ఒంటి వేడిని పెంచమని ఆదేశమిస్తుంది. గ్రౌండు నుంచి వచ్చినవాడు ఫ్యాను కిందికి చేరతాడు, జ్వరం ఎక్కుతున్నవాడు ఫ్యాను ఆపి దుప్పటి ఇమ్మంటాడు. పారాసిటమాల్ పనిచేసేది మెదడు ఇచ్చిన ఆ ఆదేశం మీద. పరుగు వేడికి అది వేసుకోవడం దండగ. అంతకన్నా నాకు భయం, కొందరు పరుగుకు ముందే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీ మింగి దిగుతున్నారు. ఒంట్లో నీళ్లు తగ్గిన వేళ ఆ గోలీలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. దయచేసి మానేయండి.

మరి ఎప్పుడు కొలవాలి? నీడలో గంటసేపు కూర్చుని, నీళ్లు తాగాక. నోట్లో పెట్టేదైతే అంతకు ముందు పావుగంట ఏమీ తాగకూడదు. పొద్దున మంచం దిగకముందు కూడా ఒకసారి చూడండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు 100.4 గానీ ఆపైన గానీ ఉంటే అది జ్వరం. చలి, ఒళ్లునొప్పులు తోడైతే ఆ రోజు బూట్లు ముట్టుకోవద్దు. "టెస్టు పది రోజుల్లో ఉంది సార్" అంటారు. తెలుసు. కానీ వైరల్ జ్వరంలో పరిగెత్తితే అరుదుగా గుండె కండరమే వాచిపోవచ్చు. జ్వరం పోయాక కూడా ముందు నడవండి, తర్వాత పరుగు. ఛాతీ నొప్పి, దడ, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే డాక్టర్ చూడకుండా గ్రౌండుకు రావద్దు.

పరుగు లేని రోజు కూడా సాయంత్రమయ్యేసరికి వెచ్చబడుతూ, బరువు తగ్గుతూ, రాత్రి చెమటలు పడుతూ, రెండు వారాలు దాటి దగ్గుంటే తెమడ పరీక్ష చేయించుకోండి. టీబీ పరీక్ష, మందులు సర్కారు దవాఖానలో ఉచితం. థైరాయిడ్ ఎక్కువైనా వేడి తట్టుకోలేరు, దడ ఉంటుంది.

అసలు భయపడాల్సింది వడదెబ్బకు. లోపలి వేడి 104 దాటి, మెదడు తడబడే స్థితి అది. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే జిల్లా మనది. ఇది పరుగు పిల్లలకే కాదు, మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీకీ, కల్లంలో వడ్లు ఎత్తే కూలీకీ వస్తుంది. వాళ్లకు థర్మామీటర్ పెట్టేవాడు కూడా ఉండడు. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదు" అని మోసపోవద్దు. కష్టపడి పనిచేస్తుండగా తగిలే దెబ్బలో చెమట ఉండొచ్చు. నుదుటి మీద పెట్టే గన్నునూ నమ్మొద్దు, తక్కువ చూపిస్తుంది. మనిషిని చూడండి. ట్రాకు వదిలి పక్కకు తూలుతున్నాడా? పేరడిగితే తిక్కతిక్కగా చెబుతున్నాడా? ఎప్పుడూ నెమ్మదిగా ఉండేవాడు ఊరికే గొడవకు దిగుతున్నాడా? అంతే, ఇంకేం కొలవనక్కర్లేదు.

108కి ఫోన్ చేస్తూనే చల్లబరచడం మొదలుపెట్టండి. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, తొట్టి ఉంటే తల పట్టుకుని మెడ దాకా చల్లటి నీళ్లలో ఉంచండి. లేదంటే బకెట్లతో పోస్తూ, గాలి తగిలేలా చూస్తూ, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. బండి వచ్చేదాకా ఆపొద్దు. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు. ఆలస్యమయ్యే ప్రతి నిమిషమూ మెదడుకు, కాలేయానికి, కిడ్నీలకు నష్టమే.

చాలా రోజులు మానేసి ఒక్కసారిగా గుంజీలు, పుషప్‌లు దంచినవాళ్లు మర్నాడు మూత్రం రంగు చూసుకోండి. టీ డికాక్షన్ రంగులో వస్తే కండరం చిట్లి రక్తంలో కలుస్తోందని అర్థం, అదే రోజు దవాఖానకు పోవాలి.

ఒళ్లు ఎండకు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. హైదరాబాద్ స్టడీ హాల్‌లో ఏసీ కింద చదివి నిన్ననే వచ్చినవాళ్లు ఇవాళే టైము కొట్టాలని చూడొద్దు. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగినా సోడియం పడిపోతుంది. ఉప్పేసిన మజ్జిగ గానీ, లీటరు నీళ్లలో ఒక ప్యాకెట్ ఓఆర్‌ఎస్ గానీ తాగండి.

నిర్వాహకులకు ఒక మనవి. ట్రయల్ పరుగు పొద్దున ఏడులోపే అయిపోవాలి. ఫినిషింగ్ దగ్గర మనిషి పట్టే ప్లాస్టిక్ టబ్బు, రెండు డ్రమ్ముల నీళ్లు, ఐసు గడ్డలు పెట్టించండి. దండలకు, శాలువాలకు ఇవాళ పెట్టిన ఖర్చులో సగం కూడా కాదు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.