తిరుమలలో గుండు చేయించుకున్న అబ్బాయి పైలట్ ఇంటర్వ్యూకి వెళ్లవచ్చా?

నమస్కారం. మన తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక తల్లి పంపిన ప్రశ్నతో ఈ రోజు మాట మొదలుపెడుతున్నాను. కొడుకు రెండు వందల గంటల విమాన శిక్షణ పూర్తిచేసి కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుంటే వాడి తలనీలాలు స్వామికి సమర్పిస్తానని ఆమె మొక్కుకున్నారు. లైసెన్సు వచ్చింది, కల్యాణకట్టలో మొక్కు తీరింది, వారం తిరగకముందే ఒక విమానయాన సంస్థ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు కూడా వచ్చింది. గుండుతో వెళితే పిల్లవాణ్ణి వాకిట్లోనుంచే పంపేస్తారని బంధువులు ఆమెను భయపెడుతున్నారట.

అమ్మా, భయపడకండి. పైలట్ ఆరోగ్యాన్ని పరీక్షింపజేసి లైసెన్సు ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. ఆ వైద్య పరీక్షలో చూపు, వినికిడి, గుండె, రక్తపోటు వంటివి చూస్తారు కానీ తల మీద జుట్టు ఎంత ఉందో చూడరు. జుట్టు, గడ్డం, నగలు, బూట్ల గురించిన నియమాలను ప్రతి సంస్థా తన ఉద్యోగుల కోసం విడిగా రాసుకుంటుంది. 2022 నవంబరులో ఎయిరిండియా తన కేబిన్ సిబ్బందికి, అంటే విమానంలో ప్రయాణికులను చూసుకునే వారికి, ఇచ్చిన సూచనలు పత్రికల్లో వచ్చినప్పుడు మీలో చాలామంది చదివే ఉంటారు. బట్టతల బాగా పెరిగిన మగవారు అక్కడక్కడా మిగిలిన వెంట్రుకలను కప్పిపుచ్చుకోకుండా నున్నగా గొరిగించుకోవాలని అందులో ఉంది. అంటే వారికి అభ్యంతరం చిందరవందరగా కనిపించడం మీదే కానీ గుండు మీద కాదు. ఇంటర్వ్యూలోపు మూడు వారాలు గడిచినా మొలిచే జుట్టు ఒక సెంటీమీటరు కూడా ఉండదు కాబట్టి, ఇంటర్వ్యూకి ముందురోజు చెవుల పక్కన, మెడ వెనుక సరిచేయిస్తే చాలు.

గడ్డం సంగతి ఇంత తేలిక కాదు. దాని గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే పైలట్ కావాలనుకునే మన కుర్రాళ్లు ఎక్కువగా వాదించేది దాని మీదే. విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగురుతుండగా కేబిన్‌లో గాలి పీడనం పడిపోతే, మనిషికి తెలివిగా పనిచేయగల సమయం దాదాపు అర నిమిషం నుంచి ఒక నిమిషం వరకే ఉంటుంది. అందుకే పైలట్ ఒక్క చేత్తో, ఐదు సెకన్లలోపల ముఖానికి తగిలించుకోగలిగేలా ఆక్సిజన్ మాస్కును కాక్‌పిట్‌లో, అంటే పైలట్ కూర్చునే గదిలో, అమర్చుతారు. ఆ మాస్కు అంచు చర్మానికి గట్టిగా అతుక్కోకపోతే సందుల్లోంచి గాలి జారిపోతుంది, పొగ నిండినప్పుడు ఆ పొగే లోపలికి వస్తుంది. గడ్డం ఆ అంచును అతుక్కోనివ్వదేమోనన్న అనుమానంతోనే చాలా సంస్థలు దశాబ్దాలుగా నున్నటి ముఖాన్ని కోరుతున్నాయి. ఆక్సిజన్ తగ్గితే ఏమవుతుందో 2005 ఆగస్టు 14న గ్రీసులో కూలిన హీలియోస్ అనే సంస్థ విమానం లోకానికి చూపింది. పీడనం లోపించిందని గ్రహించకముందే పైలట్లు స్పృహ తప్పారు, విమానంలోని 121 మందీ మరణించారు. ఆ ప్రమాదానికి గడ్డంతో ఏ సంబంధమూ లేదు, అక్కడ పైలట్లు మాస్కులు ధరించనే లేదు. అయినా ఆక్సిజన్ విషయంలో విమానరంగం అంత పట్టుదలగా ఎందుకు ఉంటుందో అర్థం కావాలనే దాన్ని గుర్తుచేశాను.

ఈ అనుమానాన్ని పరీక్షించి చూసిన వారూ ఉన్నారు. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రకరకాల పొడవుల గడ్డాలున్న వారిని పీడనం తగ్గించిన గదిలో కూర్చోబెట్టి పరిశీలించగా మాస్కు పనితీరులో తేడా కనిపించలేదు. 2018లో ఎయిర్ కెనడా 12.5 మిల్లీమీటర్ల వరకు గడ్డానికి అనుమతి ఇచ్చింది. మన దేశంలో సిక్కు పైలట్లు తలపాగాతో, గడ్డంతో ఎంతో కాలంగా విమానాలు నడుపుతున్నారు. ఇవన్నీ నిజమే అయినా, ఉద్యోగం ఇంకా చేతికి రాని అభ్యర్థి ఆ వాదనను ఇంటర్వ్యూ బల్ల ముందు మొదలుపెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మతాచారం వల్ల గడ్డం ఉంచుకోవలసిన వారు ఆ మాట ముందే సంస్థకు తెలియజేసి స్పష్టత తెచ్చుకోవాలి. కేవలం ముచ్చట కోసం పెంచిన వారు తీసేయాలి. మీసం మాత్రం కత్తిరించి చక్కగా ఉంటే సాధారణంగా ఎవరూ కాదనరు.

చేతికి కట్టుకున్న రక్షాదారాలు, కడియాలు, నుదుటి నామం గురించి అడిగిన వారూ ఉన్నారు. ఎయిరిండియా 2022 నాటి సూచనల్లో మణికట్టుకు, మెడకు, కాలికి మతపరమైన దారాలు ఉండరాదని రాశారు. చీర కట్టిన మహిళా సిబ్బంది బొట్టు అర సెంటీమీటరు దాటరాదని కూడా రాశారు. ఆ నియమాలు కేబిన్ సిబ్బందివే అయినా, సంస్థల ఆలోచన ఏమిటో వాటి వల్ల తెలుస్తుంది. ఇంటర్వ్యూ రోజు దారాన్ని చొక్కా లోపల కనిపించకుండా ఉంచుకోవడం భక్తికి లోటు కాదని నేను నమ్ముతాను. వేలి ఉంగరం సంగతి వేరు. విమానం చుట్టూ తిరిగి తనిఖీ చేసేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు ఉంగరం దేనికైనా తగులుకుంటే వేలికే ప్రమాదం. అమ్మాయిలు జడను ముడిగా చుట్టి, కళ్ల మీద వెంట్రుక పడకుండా పిన్నులు పెట్టుకోవాలి, ఎత్తు మడమల చెప్పులు వదిలి పెడళ్ల మీద పాదం నిలకడగా ఆనే బూట్లు వేసుకోవాలి.

వాసన గురించి ఎవరూ అడగరు, కానీ చెప్పి తీరాలి. డ్యూటీకి ముందు పైలట్లకు శ్వాస పరీక్ష జరుగుతుంది కాబట్టి, ఆల్కహాలు ఉండే మౌత్‌వాష్ వంటివి వాడకూడదని డీజీసీఏ నియమం. 2023లో వచ్చిన ముసాయిదాలో సెంటును కూడా చేర్చారు. అత్తరు పూసుకోవడం కన్నా, మే నెల ఎండలో రెండుసార్లు స్నానం చేయడం, ఉతికిన బనియను వేసుకోవడం ఎంతో మేలు.

ఒక విషయం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. చామనఛాయ ఉన్న పిల్లలు, పైలటంటే తెల్లగా ఉండాలని ఎవరో చెప్పిన మాట నమ్మి, స్టెరాయిడ్ కలిసిన క్రీములు పూసుకుని చర్మాన్ని పాడుచేసుకుంటున్నారు. ఏ వైద్య పరీక్షలోనూ మేనిఛాయకు చోటు లేదు. కళ్లద్దాలు ఉన్నా, వాటితో చూపు నిర్ణీత ప్రమాణానికి వస్తే చాలు. రెండో జత వెంట ఉంచుకోవాలి. కాంటాక్ట్ లెన్సులకు రంగు ఉండకూడదు.

ఇక మన బాబు ప్రయాణం. రాత్రి బస్సులో వేసుకున్న చొక్కాతోనే ఇంటర్వ్యూకి వెళ్లవద్దు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాను, ముదురు రంగు ప్యాంటును, పాలిష్ చేసిన నల్ల బూట్లను విడిగా తీసుకెళ్లి అక్కడ మార్చుకోమనండి. భుజం మీద హోదాను తెలిపే చారలు ఉద్యోగం ఇచ్చాక సంస్థే ఇస్తుంది, ఇంటి నుంచి కుట్టించుకుని వెళ్లవద్దు. గుర్తింపు కార్డులో ఒత్తైన జుట్టు ఉంది కనుక, ఈ వారమే గుండుతో కొత్త పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీయించి వెంట పెట్టండి. జుట్టు ఏమైందని వారు అడిగితే చుండ్రు అనో, జ్వరం వచ్చిందనో చెప్పవద్దు. తిరుమలలో మొక్కు తీర్చుకున్నానని ఒక్క వాక్యంలో చెప్పి, తరువాతి ప్రశ్న వినమనండి.