తాళం చేతికొచ్చింది, మరి పలుపు ఎవరి దగ్గరుంది?

[కెమెరా ముందు: ఒక చేతిలో కారు తాళం, ఇంకో చేతిలో పాత పలుపుతాడు]

నమస్కారం. ఇది కారు తాళం. ఇది పలుపు, మా తాత కొట్టంలో ఎద్దుని కట్టేసిన తాడు. వీడియో అయిపోయేదాకా ఈ రెండూ టేబుల్ మీదే ఉంటాయి, ఎందుకో మీకే తెలుస్తుంది.

ఈమధ్య మనవైపు చాలామంది ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారు. కావలి, కందుకూరు, నెల్లూరు, ఒంగోలు, ఎక్కడ చూసినా ఎవరో ఒకరు ఫోన్‌లో ఫోటోలు చూసి బుక్ చేసినవాళ్లే. "ఎలా ఉందండీ అనుభవం?" అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "డెలివరీ అయిపోయింది, ఇంక టెన్షన్ లేదు." ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు ఒప్పుకోదు. అసలు పని మొదలయ్యేది డెలివరీ రోజునే. అది చెప్పడానికే ఈ వీడియో.

మా తాత ఒంగోలు గిత్తలు కొనేవాడు. నన్ను కూడా సంతకి తీసుకెళ్లేవాడు. బేరగాళ్లు తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవాళ్లు. పక్కన నిలబడ్డవాళ్లకి కూడా అంకె తెలిసేది కాదు. బేరం కుదిరి, డబ్బు లెక్కపెట్టుకున్నాక, అమ్మినాయన పలుపు తీసి కొన్నాయన చేతిలో పెట్టేవాడు. అప్పటిదాకా ఎద్దు ఆయనదే. పలుపు చెయ్యి మారాక మనది. సంతలో అందరికీ తెలిసిన పద్ధతి అది.

కారు దగ్గరకొచ్చేసరికి తాళమే పలుపు అనుకుంటున్నాం. కాదు. కారుకి పలుపు ఆర్‌సీ, అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. తాళం మీ చేతిలో ఉందంటే ఎద్దు మీ ఇంటి ముందు మేత మేస్తోందని మాత్రమే అర్థం. పలుపు ఇంకా ఎవరి చేతిలో ఉందో అది చెప్పదు.

[తెరపై: ఆర్‌సీలో యజమాని పేరు ఉండే చోటు]

ఇది నా సొంత మాట కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో యజమాని అంటే ఎవరో సెక్షన్ 2(30)లో రాసి ఉంది. బండి ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉంటే వాళ్లే. సరే, ఆ ఎద్దు తాడు తెంపుకుని పక్కవాళ్ల చేలో పడి మేసిందనుకోండి. పంచాయితీకి ఎవర్ని పిలుస్తారు? పలుపు ఎవరిదో వాళ్లని. కారూ అంతే. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే తేల్చింది. అక్కడ కారు ఒకరి నుంచి ఒకరికి, వాళ్ల నుంచి ఇంకొకరికి అమ్ముడుపోతూ వెళ్లింది. ఆర్‌సీలో మాత్రం మొదటాయన పేరే ఉండిపోయింది. యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం బాధ్యత ఆ మొదటాయన మీదే పడింది. కారు అమ్మి ఏళ్లు గడిచాయి, అయినా పడింది.

కాబట్టి కొన్నవాళ్లకే కాదు, ఆన్‌లైన్‌లో కారు అమ్మినవాళ్లకి కూడా ఈ వీడియో పంపండి. డబ్బు ఖాతాలో పడింది కదా అని వాళ్లు ఇంకా నిశ్చింతగా ఉంటారు.

ఇప్పుడు మా బావ సంగతి. పేర్లు చెప్పను, కంపెనీ పేరు కూడా చెప్పను. ఉండేది కావలి. ఒక ఆన్‌లైన్ డీలర్ దగ్గర 6 లక్షల 40 వేలకి కారు కొన్నాడు. బండి హైదరాబాద్‌ది, టీఎస్ నంబర్. లారీ మీద ఇంటికే తెచ్చి దించారు. తుడిచి, మెరిపించి, రిబ్బన్ కట్టి ఇచ్చారు. మా అక్క దిష్టి తీసింది, నిమ్మకాయలు తొక్కించారు. నిజంగా మంచి బండే. ఏడు రోజుల్లో నచ్చకపోతే వాపసు అన్నారు, నచ్చింది, ఉంచుకున్నాడు.

నలభయ్యో రోజు. బావ ఒంగోలు వెళ్తున్నాడు. టంగుటూరు టోల్ దాటాడు, గేటు లేచింది, వెళ్లిపోయాడు. ఓ పావుగంటకి హైదరాబాద్ నుంచి ఫోన్. కంపెనీ వాళ్లని అడిగి నంబర్ తీసుకుని చేశాడట ఆ కారు పాత ఓనర్. "ఏమండీ, నేను బండి అమ్మి మూడు నెలలైంది. నా ఫోన్‌కి టంగుటూరు టోల్ అని మెసేజ్ వచ్చింది, నా డబ్బు కట్ అయింది. ఇప్పటికిది నాలుగోసారి" అన్నాడు. మర్యాదగానే అడిగాడు, పాపం.

జరిగిందేమిటంటే, అద్దం మీద పాత ఫాస్టాగ్ స్టిక్కర్ అలాగే ఉంది. కంపెనీవాళ్లే కొత్తది అంటించి ఇచ్చారేమో అనుకున్నాడు బావ. అది పాత ఓనర్ బ్యాంకు ఖాతాతో కలిపి ఉన్న ట్యాగ్. బావ వెంటనే ఆ డబ్బు పంపించేశాడు. కానీ నాకు అసలు భయం టోల్ డబ్బు గురించి కాదు. టోల్ మెసేజ్ ఆయనకి వెళ్లింది సరే, అదే రోడ్డు మీద ఏదైనా జరిగుంటే? నోటీసు కూడా ఆయనకే వెళ్లేది. బండి నడిపింది మా బావ. పలుపు మాత్రం హైదరాబాద్‌లో ఉంది.

చూశారా, కారు మంచిదే, కంపెనీ చెప్పిన రోజుకే డెలివరీ ఇచ్చింది, రివ్యూ రాయమంటే బావ అయిదు చుక్కలూ ఇచ్చాడు. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది.

ఆర్‌సీలో బావ పేరు రావడం ఎందుకు ఆలస్యమైంది? ఇక్కడ కొంచెం నిదానంగా వినండి, మనవైపు వాళ్లకి ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే. ఈ కంపెనీల స్టాక్ చాలావరకు హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో ఉంటుంది. అంటే టీఎస్, టీజీ, టీఎన్, కేఏ నంబర్లు. వేరే రాష్ట్రం బండి మన పేరు మీదికి రావాలంటే ముందు ఆ రాష్ట్రం ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం కావాలి, అది ఫారం 28. పాత లోన్ ఉంటే ఫారం 35తో ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించాలి. పాత చలానాలన్నీ కట్టేయాలి. తర్వాత ఇక్కడ ఫారం 29, 30 పెట్టి పేరు మార్పించుకోవాలి, కొత్త నంబర్ తీసుకోవాలి. 2019 నుంచి మన రాష్ట్రమంతా జిల్లా కోడ్‌లు పోయి ఏపీ 39తో ఉమ్మడి సిరీస్ మొదలైంది కదా, అలాంటి నంబర్ వస్తుంది. మన ఏపీ 26, ఏపీ 27 ఇంక పాత బండ్ల మీదే కనిపిస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆంధ్రప్రదేశ్‌లో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. బండి వయసుని బట్టి తగ్గించి లెక్క వేస్తారు. అయినా అది వేలల్లో ఉండే డబ్బు.

బావకి ఇచ్చిన బిల్లులో "ఆర్‌సీ ట్రాన్స్‌ఫర్ ఉచితం" అని రాసి ఉంది. ఆ మాటలో లైఫ్ ట్యాక్స్ కూడా ఉందనుకున్నాడు. లేదు. కంపెనీవాళ్లు "ట్యాక్స్ మీరు కడితేనే ఫైలు కదులుతుంది" అని మెయిల్ పెట్టారట. ఆ మెయిల్ వచ్చిన సంగతే ఇతనికి తెలియదు. అక్కడ ముప్పై రోజులు పోయాయి. కాబట్టి బుక్ చేసేముందే ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: "ఆంధ్ర నంబర్ పడి నా పేరు ఆర్‌సీలో వచ్చేదాకా అయ్యే మొత్తం ఖర్చు ఎంత, అందులో మీరు కట్టేది ఎంత, నేను కట్టేది ఎంత?" ఫోన్‌లో అడగొద్దు. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో అడగండి, జవాబు దాచుకోండి.

ఇంకోటి. సంతలో బేరగాడు పలుపు తను పట్టుకోకుండానే అటు ఇటు మాట్లాడి ఎద్దుని దాటించేసేవాడు. కార్ల బేరగాళ్లు కూడా ఏళ్ల తరబడి అదే చేశారు: పాత ఓనర్ చేత ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకోవడం, ఎవరు కొంటే వాళ్ల పేరు రాయడం. దీన్ని ఆపడానికే కేంద్రం 2022 డిసెంబరులో రూల్ మార్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత బండ్లు కొని అమ్మే డీలర్ ఆర్టీవో దగ్గర అధికారపత్రం తీసుకోవాలి, దాని గడువు అయిదేళ్లు. బండి డీలర్ చేతికి రాగానే ఫారం 29సి ఆన్‌లైన్‌లో పెట్టాలి. అప్పట్నుంచి ఆ బండికి డీలరే యజమాని కింద లెక్క. అంటే బేరగాడు కూడా పలుపు చేత్తో పట్టుకోవాల్సిందే. నాకు ఈ రూల్ చాలా నచ్చింది. అడగండి: "29సి పెట్టారా? కాపీ పంపండి." పంపితే సంతోషం. తడబడితే, ఆ బండి మీద తొందరపడి అడ్వాన్స్ కట్టొద్దు.

ఇప్పుడు పళ్లు. మా తాత ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసేవాడు: రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా అని. అమ్మేవాడు చెప్పిన వయసు వినేవాడే కాదు. కారు మీటర్‌లో కనిపించే కిలోమీటర్లు కూడా అమ్మేవాడు చెప్పిన వయసు లాంటివే, వాటిని మార్చవచ్చు. పళ్లు వేరేచోట ఉంటాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. మీటర్ 28 వేలు చూపిస్తోంది, బండి 2019ది, నాలుగు టైర్లూ 2023వి. అంత తక్కువ తిరిగిన బండికి నాలుగూ ఎందుకు మార్చారు? బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉందా? అడగాలి. ఆ కారు తయారుచేసిన కంపెనీ షోరూమ్‌లో సర్వీస్ రికార్డు తీయించాలి.

చెన్నై బండి అయితే ఒక పని తప్పకుండా చేయండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి చెన్నైలో కార్లు ఎలా మునిగాయో చూశాం. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మన దగ్గరా చూశాం.

[దగ్గరగా: సీట్ బెల్ట్ లాగుతున్న చెయ్యి]

సీట్ బెల్ట్‌ని చివరిదాకా లాగండి. మొత్తం బయటికి వచ్చేదాకా. షాంపూ వాష్ చేసేవాళ్లు పైకి కనిపించే బెల్ట్ కడుగుతారు, లోపల చుట్టుకుని ఉన్నదాన్ని కడగరు. నెల్లూరులో మా పిన్ని కూతురు ఇలాగే లాగింది. చివరి జానెడులో మట్టి రంగు చార, గీత గీసినట్టు. వేలితో రుద్దితే పొడి రాలింది. సీటు కింద పట్టాల దగ్గర బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. డీలర్ ఇచ్చిన తనిఖీ రిపోర్టులో అన్నిటికీ పచ్చ టిక్కులే. అది డెలివరీ అయిన మూడో రోజు. ఫోటోలు తీసి వాపసు పెట్టింది. ఇక్కడ కంపెనీని మెచ్చుకోవాలి: వచ్చి బండి తీసుకెళ్లారు, తొమ్మిది రోజుల్లో డబ్బు మొత్తం వేశారు, ఒక్క రూపాయి పట్టుకోలేదు. ఊళ్లో బ్రోకర్ దగ్గర కొని ఉంటే తిరిగి తీసుకునేవాడా? ఆన్‌లైన్‌లో కొనొద్దని నేను ఎందుకు అనడం లేదో అర్థమైందా? ఆ ఏడు రోజులు మనకి పెద్ద వరం. చాలామంది ఆ ఏడు రోజులూ గుళ్లకీ చుట్టాల ఇళ్లకీ తిరగడంలో గడిపేస్తారు. రెండో రోజే మీకు తెలిసిన మెకానిక్ దగ్గరకి తీసుకెళ్లండి. మైపాడు, కోట వైపు ఉప్పునీటి రొయ్యల చెరువుల దగ్గర తిరిగిన బండ్లకి స్టెప్నీ గుంతలో తుప్పు చూడమనండి, చీమకుర్తి క్వారీ రోడ్ల బండి అయితే కింద సస్పెన్షన్ బుష్‌లు చూడమనండి.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

ఇన్సూరెన్స్. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ కవర్, అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కవర్, మీకు వచ్చేస్తుంది, కానీ మీ కారుకి జరిగే నష్టానికి కవర్ కావాలంటే 14 రోజుల్లో పాలసీ మీ పేరు మీదికి మార్పించుకోవాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, మీకు రాదు, అది ఆయనతోనే పోతుంది. ఆ తేడా డబ్బు అడిగితే మోసం అనుకోకండి.

పేరు మార్పుకి కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. వేరే రాష్ట్రం నంబర్‌తో 12 నెలలు దాటి ఇక్కడ ఉంచుకోవడం కుదరదు.

గొడవ వస్తే? కంపెనీ ఆఫీసు ఎక్కడో ఉత్తరాదిన ఉంది, మేమెక్కడ తిరుగుతాం అంటారు. తిరగనక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ. చెల్లించిన డబ్బు 50 లక్షల దాకా జిల్లా వినియోగదారుల కమిషనే చూస్తుంది. 5 లక్షల లోపు ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షలకి 200 రూపాయలు. రెండేళ్ల లోపు వేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అందుకే మెయిళ్లు దాచుకోమన్నాను.

ఇక పలుపు ఎవరి దగ్గరుందో ఎలా చూడాలి? ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో బండి నంబర్ కొట్టండి. పేరు పూర్తిగా చూపించదు, మధ్యమధ్యలో అక్షరాలు దాచేస్తుంది. అయినా కనిపించే అక్షరాలు మీ పేరువో కావో తెలిసిపోతుంది. వారానికి ఒకసారి చూడండి.

మా బావ రోజూ చూసేవాడు. ట్యాక్స్ కట్టాడు, నెల్లూరు ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాడు. నూట ఏడో రోజు రాత్రి కొత్త నంబర్‌తో అతని పేరు వచ్చింది. పొద్దున్నే అద్దం మీద పాత స్టిక్కర్ గోరుతో గీకి తీసేసి, కొత్త ట్యాగ్ అంటించాడు. పోయిన ఆదివారం మళ్లీ ఒంగోలు వెళ్తూ నాకు ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. టంగుటూరు టోల్ మెసేజ్. ఈసారి వచ్చింది అతని ఫోన్‌కే.

[తెరపై: ఆ స్క్రీన్‌షాట్. పక్కన టేబుల్ మీద తాళం, పలుపు ఒకేచోట]