పీహెచ్ 2, పీహెచ్ 4 కలిస్తే 3 కాదు

రెండు బలమైన ఆమ్ల ద్రావణాలున్నాయి. ఒకదాని పీహెచ్ 2, ఇంకోదాని పీహెచ్ 4. చెరో లీటరు తీసుకుని కలిపేశాం. ఇప్పుడు పీహెచ్ ఎంత? వీడియో ఆపి ఓసారి ఆలోచించండి.

3 అనుకున్నారా? జవాబు 2.3.

పీహెచ్ అనేది హైడ్రోజన్ అయాన్ల గాఢతకు తీసే మైనస్ లాగ్ లెక్క కాబట్టి దానికి సగటు తీయకూడదు. పీహెచ్ 2 అంటే లీటరుకు 0.01 మోల్ హైడ్రోజన్ అయాన్లు. పీహెచ్ 4 అంటే 0.0001 మోల్ మాత్రమే. వంద రెట్లు తేడా! అంటే ఆ రెండో ద్రావణం పోసినా దాదాపు మామూలు నీళ్లు పోసినట్టే. మొత్తం 0.0101 మోల్, రెండు లీటర్లలో. లీటరుకు 0.00505. దానికి మైనస్ లాగ్ తీస్తే 2.3. ఈ 0.3 ఎక్కడిదంటే, లాగ్ 2 విలువ 0.301. ద్రావణం సగానికి పలచనైతే పీహెచ్ పెరిగేది అంతే.

ఇప్పుడు పరీక్షలో వచ్చే లాంటి లెక్క. 0.05 మోలార్ (అంటే లీటరుకు 0.05 మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం 200 మిల్లీలీటర్లు, 0.1 మోలార్ నైట్రిక్ ఆమ్లం 300 మిల్లీలీటర్లు. ఆమ్లాలు వేరు కదా అని టెన్షన్ పడకండి. రెండూ నీళ్లలో పూర్తిగా విడిపోతాయి. క్లోరైడ్, నైట్రేట్ అయాన్లకు మన లెక్కలో పనిలేదు. మోలారిటీని మిల్లీలీటర్లతో గుణిస్తే మిల్లీమోల్స్ వస్తాయి: మొదటిది 10, రెండోది 30. మొత్తం 40. దీన్ని 500తో భాగించాలి, 300తోనో 200తోనో కాదు. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. 0.08 మోలార్ వచ్చింది. పీహెచ్ 1.1.

మరీ పలచని ద్రావణాల్లో మాత్రం నీటి సొంత అయాన్లను కూడా కలుపుకోవాలి. లేదంటే 10 పవర్ మైనస్ 8 మోలార్ ఆమ్లానికి పీహెచ్ 8 అని రాసేస్తారు. పీహెచ్ 7 దాటితే క్షారం కదా, ఆమ్లం క్షారమైపోతుందా! 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అసలు విలువ 6.98.

ఇక సల్ఫ్యూరిక్ ఆమ్లం. దీని సంగతే వేరు. మొదటి హైడ్రోజన్ పూర్తిగా విడిపోతుంది, రెండోది పాక్షికంగానే. అది ఎంతవరకు విడిపోతుందో చెప్పే రెండో దశ స్థిరాంకం సుమారు 0.012. పక్కన ఇంకో బలమైన ఆమ్లం ఉంటే ఆ రెండోది ఇంకా వెనక్కి తగ్గుతుంది. ఉదాహరణకు, మిశ్రమంలో హైడ్రోక్లోరిక్ 0.1 మోలార్, సల్ఫ్యూరిక్ 0.01 మోలార్ ఉన్నాయనుకోండి. కళ్లు మూసుకుని సల్ఫ్యూరిక్‌ను రెండుతో గుణించి కలిపేస్తే మొత్తం 0.12, పీహెచ్ 0.92. సమతాస్థితి సమీకరణం రాసి సాధిస్తే మొత్తం 0.111, పీహెచ్ 0.95. రెండో హైడ్రోజన్లలో విడిపోయింది పదో వంతే. ప్రశ్నలో స్థిరాంకం ఇచ్చారంటే రెండో పద్ధతిలో చేయమనే. ఇవ్వకపోతే, రెండు హైడ్రోజన్లూ పూర్తిగా విడిపోయాయనుకుని చేసేయండి.