మా అమ్మ నిద్ర చెడగొట్టిన ఏడుపుగొట్టు

నమస్కారమండీ! ఈరోజు వంట లేదు, షాపింగ్ లేదు. మా అమ్మకు మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసిన మనిషిని చూపిస్తాను. మనిషి అని ఎందుకన్నానంటే, అమ్మ అలాగే అనుకుంది మరి.

మేముండేది ఆస్ట్రేలియాలో, ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని టౌన్స్‌విల్‌లో. వచ్చిన మొదటి రాత్రే అమ్మ నన్ను తట్టి లేపింది. "ఎవరో ఆడమనిషి ఏడుస్తోందే! అల్లుడుగారిని లేపు" అంది. సన్నగా మొదలై, ఇంకో రెండు గొంతులు తోడై, సాగి సాగి గుండె జారిపోయేలా ఏడుపు. కొత్తలో నేనూ తలుపు గడియ రెండుసార్లు చూసుకుని పడుకున్నదాన్నే.

ఇదిగో, ఆ ఏడుపుగొట్టు! బుష్ స్టోన్ కర్ల్యూ అనే పక్షి. రెండడుగులకు కాస్త తక్కువ ఎత్తు, ఎండుటాకుల రంగు, పెద్ద పసుపు కళ్లు. మా గాజు తలుపులో తన నీడను తానే చూసుకుంటూ అరగంటగా నిలబడింది. నేను ఒక్క అడుగు వేశానా, బొమ్మలా బిగుసుకుపోతుంది. తనను ఎవరూ చూడలేదని దాని ధీమా.

ఈ కుటుంబం పక్షులను ఇంగ్లీషులో 'థిక్ నీ' అంటారు, అంటే లావు మోకాళ్లవి. అమ్మ వంగి చూసి, "పాపం, నా మోకాళ్లలాగే వాచాయే" అంది. నిజానికి అవి మోకాళ్లు కావు, చీలమండలు. అసలు మోకాళ్లు పైన ఈకల్లో దాక్కుని ఉంటాయి. దీని చుట్టాలు మన దేశంలోనూ ఉన్నాయి. మెట్ట భూముల్లో, తుప్పల మధ్య తిరుగుతాయి, ఎక్కువగా రాత్రుళ్లే అరుస్తాయి.

గూడు కట్టే ఓపిక దీనికి లేదు. వట్టి నేల మీదే రెండు గుడ్లు పెడుతుంది. మేము కూరగాయలు కొనే దుకాణం పార్కింగులో, చెట్టు మొదట్లో ఒక జంట అలాగే పెట్టింది. ఎవరో చుట్టూ నారింజ రంగు కోన్లు పెట్టారు. కార్లన్నీ పక్కకు తిప్పుకుని పోతున్నాయి. ఆడా మగా వంతులవారీగా పొదుగుతాయి.

ఇక్కడ వీధికొకటి కనిపిస్తుంది కానీ, దక్షిణాన న్యూ సౌత్ వేల్స్‌లో, విక్టోరియాలో నక్కల వల్ల బాగా తగ్గిపోయాయి. కాన్‌బెర్రా దగ్గర మల్లిగన్స్ ఫ్లాట్‌లో నక్కలు రాకుండా కంచె వేసి, 2014లో ఈ పక్షులను మళ్లీ తెచ్చి వదిలారు.

నిన్న అమ్మ గిన్నెలో పెరుగన్నం పట్టుకుని తలుపు తీయబోయింది. పురుగులూ బల్లులూ తినే పక్షి, అడవి ప్రాణులకు మనం ఏమీ పెట్టకూడదు అని ఆపాను. "బల్లులా!" అని గిన్నె లోపల పెట్టేసింది. అయినా రాత్రి పదవగానే కుర్చీ లాక్కుని గాజు తలుపు దగ్గరే కూర్చుంటోంది. కెమెరా లైటు ఆర్పమంటోంది, దానికి భయమట. సరేనండి, ఆర్పేస్తున్నాను.